ఉప్పుగూడలోని ఆర్మేనీయ సమాధులు: హగ్‌పాట్ మఠము నుండి గోల్కొండ వరకు

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభ సమయమున, ప్రతి పాస్టరేటువారును తమ తమ సంఘ చరిత్రను తలపోసికొనుచున్నారు. మొదటి బాప్తిస్మము ఎవరు పొందిరి, మొదటి గుడి ఏ పాకలో నడిచెను, మొదటి ఉపదేశకుడు ఏ ఊరినుండి నడిచి వచ్చెను అను విషయములు పెద్దల నోట విని వ్రాయుచున్నారు. ఇది మిక్కిలి మంచి పని. అయితే సాధారణముగా మనము మన చరిత్రను పందొమ్మిదవ శతాబ్దములో ఓడ దిగిన మిషనెరీలతో ఆరంభింతుము. అంతకుముందు ఈ నేలమీద క్రీస్తు నామము పలికిన వారెవరును లేనట్లే మాటలాడుదుము. ఇది సరియైనది కాదు. హైదరాబాదు నగరము పుట్టి యాభై ఏండ్లయినను కాకమునుపే, చార్మినారుకు కొద్ది దూరములో, క్రైస్తవ విశ్వాసముతో కన్నుమూసినవారిని శిలువ గుర్తు క్రింద పాతిపెట్టిన స్థలమొకటి కలదు. వారు ఆంగ్లేయులు కారు, పోర్చుగీసువారును కారు. వారు ఆర్మేనీయులు. వారిని గూర్చియు, వారు విడిచివచ్చిన మఠములను గూర్చియు ఈ వ్యాసములో కొన్ని సంగతులు వ్రాయదలచితిమి.

ఆర్మేనీయులెవరు?

ఆదికాండము ఎనిమిదవ అధ్యాయములో నోవహు ఓడ నిలిచిన కొండల పేరు మన బిడ్డలందరికిని ఆదివారపు బడిలో తెలిసినదే. ఆ అరారాతు పర్వతము చుట్టునున్న దేశమే ఆర్మేనీయుల పూర్వ స్థానము. క్రీ.శ. 301లో త్రిదత్ రాజు క్రైస్తవ మతమును తన రాజ్యమతముగా స్వీకరించెనని వారి సంప్రదాయము చెప్పుచున్నది. లోకములో ఒక రాజ్యమంతయు క్రైస్తవమైనది అక్కడే మొదలని వారు గర్వముగా చెప్పుకొందురు. ఆ రాజుకు సువార్త చెప్పిన గ్రెగొరీ అను దైవజనుడు అంతకుముందు ఆ రాజు చేతనే లోతైన గోతిలో పడవేయబడి, 13 సంవత్సరములు చీకటిలో గడిపెనట. ఆ గోయి ఉన్న చోట ఖోర్ విరాప్ అను మఠము నేటికిని ఉన్నది. అక్కడినుండి చూచినయెడల అరారాతు మంచుకొండ ఎదుటనే కనబడును; కాని ఆ కొండ ఇప్పుడు టర్కీ దేశములో ఉన్నది. 1993 నుండి ఆ సరిహద్దు మూయబడియున్నది. తమ జెండాలకంటె తమ హృదయములలో ఎక్కువగా నిలుపుకొన్న కొండను ఒక జాతి కంచెకు ఈవలినుండి చూచుకొనుచున్నది.

క్రీ.శ. 405 ప్రాంతమున మెస్రోప్ మష్తోత్స్ అను సన్యాసి వారి భాషకు 36 అక్షరములను కూర్చెను. అక్షరములు కూర్చినది దేనికొరకు? పన్నుల లెక్కలకు కాదు, రాజశాసనములకును కాదు. పరిశుద్ధ గ్రంథమును ఇంటి భాషలో చదువుకొనుటకు. ఆ తరములోనే తర్జుమా పూర్తియైనది. 451లో కల్కెదోను మహాసభ చేసిన క్రీస్తు స్వభావ నిర్ణయమును వారి సంఘము అంగీకరింపలేదు. ఆ యేడే వారు పారసీక సైన్యముతో అవరాయిర్ మైదానమున విశ్వాసము కొరకు పోరాడుచుండిరి. ఈ విధముగా ఐగుప్తులోని కోప్తు సంఘము, మన కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సంఘము ఏ కుటుంబమునకు చెందినవో, ఆర్మేనీయ సంఘమును ఆ కుటుంబమునకే చెందినది. వారు క్రీస్తు జననమును జనవరి 6వ తేదీన ఆచరింతురు.

సరిహద్దు దాటి మఠములకు

ఈ దినములలో మన తెలుగు బిడ్డలు అనేకులు వైద్య విద్య కొరకు జార్జియా, ఆర్మేనియా దేశములకు వెళ్లుచున్నారు. నాగారము ప్రాంతమునుండి వెళ్లి తిబిలిసి నగరములో చదువుచున్న మా సంఘ యువకుడొకడు, సెలవు దినమున తోటి విద్యార్థులతో కలిసి ఒక గైడు వెంట సరిహద్దు దాటి ఆర్మేనీయ మఠములను చూచి వచ్చెను. అతడు చెప్పిన వివరములు విని, గ్రంథములలో చదివినవాటితో సరిచూచుకొని, చదువరుల కొరకు ఇక్కడ కూర్చుచున్నాము.

తిబిలిసి నుండి దక్షిణముగా ఉదయమే వ్యాను బయలుదేరును. సదఖ్లో అను చోట జార్జియా అధికారులు పాస్‌పోర్టుపై ముద్ర వేసి పంపుదురు. అందరును దిగి, సంచులు పట్టుకొని నడిచి, ఆవల బగ్రతషేన్ వద్ద ఆర్మేనియా అధికారుల ముందు మరల వరుసలో నిలువవలెను. పాస్‌పోర్టు ఒకటే, ముద్రలు రెండు. అటుపిమ్మట దారి డెబెద్ నది లోయలోనికి దిగును. ఇరుప్రక్కల నిలువు కొండలు. కొండల నడుమ అలావెర్ది అను రాగి గనుల పట్టణము. అక్కడ 1192లో కట్టిన రాతి వంతెన యొకటి నదిపై ఇంకను నిలిచియున్నది. ఆ లోయ పైగట్టున ఎదురెదురుగా రెండు మఠములున్నవి. ఒకటి సనాహిన్, రెండవది హగ్‌పాట్. రెండును పదవ శతాబ్దములో బగ్రతూని వంశపు రాజగు మూడవ అషోత్ కాలమున పుట్టినవి. ఆయన రాణి ఖోస్రొవానుష్ వీటికి పునాది వేయించెను. హగ్‌పాట్ 976లో ఆరంభమైనది. ఆ ప్రధాన దేవాలయము తూర్పు గోడపై, పైకప్పు క్రింద, రాణి కుమారులిద్దరు గుడి నమూనాను చేతులతో పట్టుకొని నిలుచున్నట్లు చెక్కియున్నది. రాజులు తమ సింహాసనముతో కాక, దేవునికి అర్పించిన గుడితో జ్ఞాపకముండ గోరిరి.

సనాహిన్ అను మాటకు 'ఇది దానికంటె పాతది' అని అర్థమని ఆ ఊరివారు చెప్పుకొందురు. ఎదుటి కొండమీది హగ్‌పాట్‌ను ఉద్దేశించి చెప్పిన మాట! సంఘముల మధ్య 'మాది ముందు, మీది వెనుక' అను పోటీ వెయ్యేండ్ల క్రిందటనే ఉన్నదని తెలిసికొని మనము చిరునవ్వు నవ్వుకొనవచ్చును.

ఈ మఠములు ఒట్టి ప్రార్థనా స్థలములు కావు, కళాశాలలు కూడ. సనాహిన్‌లో రెండు దేవాలయముల మధ్యనున్న ఇరుకు నడవాలో రాతి అరుగులపై శిష్యులు కూర్చుండగా, గురువు నడుమ నడచుచు పాఠము చెప్పెడివాడట. 1063లో కట్టిన పుస్తకశాల అక్కడ ఉన్నది. సన్యాసులు మేకచర్మములపై సువార్తలను చేతితో వ్రాసి, రంగులు దిద్ది, చివర 'ఈ ప్రతిని వ్రాసిన పాపిని మీ ప్రార్థనలో తలచుకొనుడి' అను భావముతో తమ పేరు వ్రాసికొనెడివారు. శత్రువులు వచ్చినప్పుడు బంగారముకంటె ముందు పుస్తకములను దాచెడివారు. హగ్‌పాట్‌లోని పుస్తకశాల తరువాతి కాలమున ధాన్యము, ద్రాక్షారసము నిలువ చేయు కొట్టుగా మారినది. నేలలో పాతిన పెద్ద జాడీల నోళ్లు ఇప్పటికిని కనబడుచున్నవి. సెల్జూకు తురుష్కులు, మంగోలులు, భూకంపములు, తరువాత సోవియట్ ప్రభుత్వపు నిషేధములు అన్నియు దాటి ఆ గోడలు నిలిచినవి. 1996లో హగ్‌పాట్‌ను, 2000లో సనాహిన్‌ను యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలములుగా గుర్తించిరి.

మా యువకుని మనస్సును ఎక్కువగా కదిలించినది మరియొకటి. దేవాలయ ద్వారము ముందు గవిత్ అను విశాలమైన మంటపముండును. దాని నేలంతయు సమాధి పలకలే. లోపలికి పోవువారు రాజుల సమాధులను, గురువుల సమాధులను త్రొక్కుచునే పోవలెను. చనిపోయినవాని తగ్గింపునకు అది గుర్తని గైడు చెప్పెనట. ఆవరణములో ఖాచ్కారులు, అనగా శిలువ శిలలు, నిలువెత్తున నిలిపియుందురు. పలుచని రాతిపై జాలీ అల్లికవలె చెక్కిన లతలు, నడుమ శిలువ, శిలువ క్రింద మొలకెత్తుచున్న విత్తనము. హగ్‌పాట్‌లో 1273 నాటి శిలయొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. ఎండిన కొయ్యగా గాక, చిగిర్చిన వృక్షముగా శిలువను చూపుట ఆర్మేనీయుల వేదాంతము. అది రాతిలో చెప్పిన పునరుత్థాన ప్రసంగము.

జుల్ఫా నుండి గోల్కొండకు

ఇట్టి దేశమునుండి వారు మన తెలుగు నేలకు ఎట్లు వచ్చిరి?

అరస్ నది ఒడ్డున జుల్ఫా అను పట్టణముండెడిది. అక్కడి ఆర్మేనీయులు పట్టు వర్తకములో పేరుపొందినవారు. 1604లో పారసీక చక్రవర్తి షా అబ్బాసు తురుష్కులతో యుద్ధము చేయుచు, ఆ ప్రాంతము శత్రువుల చేతికి చిక్కినను ఉపయోగపడకుండునట్లు ప్రజలనందరిని లేవగొట్టి, పట్టణమును పాడుచేయించెను. నదులు దాటించుటలోను, చలిలోను అనేకులు చనిపోయిరి. మిగిలినవారిని తన రాజధానియైన ఇస్పహాను ప్రక్కన నిలిపి, క్రొత్త ఊరు కట్టుకొననిచ్చెను. వారు దానికి నూతన జుల్ఫా అని పాత పేరే పెట్టుకొనిరి. చక్రవర్తికి వారి వర్తకము కావలెను. వారికి వారి దేవాలయములు కావలెను. అక్కడ వారు కట్టుకొన్న వాంక్ ప్రధాన దేవాలయము నేటికిని ఉన్నది. అక్కడి సన్యాసులు స్వయముగా అచ్చుయంత్రము తయారుచేసికొని 1638లో కీర్తనల గ్రంథమును ముద్రించిరి. ఇరాను దేశములో అచ్చుపడిన మొదటి పుస్తకము అదియే.

ఈ నూతన జుల్ఫా వర్తకులే లోకమంతట వ్యాపించిరి. పెట్టుబడి ఇస్పహానులోని యజమానిది. ప్రయాణము, కష్టము ప్రతినిధిది. లాభములో ఇద్దరికిని వాటా. నమ్మకమే వారి బ్యాంకు. హొవ్హన్నెస్ అను ప్రతినిధి 1682 నుండి 1693 వరకు సూరతు, ఆగ్రా మీదుగా టిబెట్టులోని లాసా వరకు తిరిగి వ్రాసిన లెక్కల పుస్తకము ఇప్పటికిని భద్రముగా ఉన్నది.

ఆ కాలమున మన గోల్కొండ రాజ్యము రెండు వస్తువులకు లోకప్రసిద్ధము. ఒకటి కృష్ణ ఒడ్డున కొల్లూరు వంటి గనులలో దొరికిన వజ్రములు. రెండవది బందరు ప్రాంతపు అద్దకపు వస్త్రములు, అనగా మన కలంకారీ. కుతుబ్‌షాహీ సుల్తానులు పారసీక దేశముతో గాఢమైన సంబంధము కలవారు. దర్బారు భాష పారసీకము. బందరు రేవు నుండి పారసీక సింధుశాఖకు ఓడలు నడిచెడివి. ఆర్మేనీయులు పారసీకము మాటలాడగలరు. క్రైస్తవులగుటచేత డచ్చివారితోను, ఆంగ్లేయులతోను కూర్చుండగలరు. ఏ యూరపు రాజుకును ప్రజలు కానందున సుల్తానులకు వారిపై అనుమానము తక్కువ. ఈ మూడు కారణములచేత గోల్కొండలో వారికి చోటు దొరికినది. డచ్చివారు, ఆంగ్లేయులు తమ కోటలలో, కొఠీలలో నివసింపగా, ఆర్మేనీయులు మాత్రము నగర ప్రజల మధ్య నివసించిరి.

ఉప్పుగూడ సమాధుల తోట

మా నాగారము నుండి ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా, నాచారము, ఉప్పల్ మీదుగా పోయి, నాగోలు వద్ద మూసీ దాటి, ఎల్.బి.నగర్, సంతోష్‌నగర్ దాటినయెడల పాతబస్తీ దక్షిణపు అంచున ఉప్పుగూడ వచ్చును. ఉప్పల్ వేరు, ఉప్పుగూడ వేరు. ఉప్పల్ వాసులమైన మాలో చాలమంది ఈ రెంటిని ఒకటే అనుకొనెడివారు. రైలు స్టేషనున్న ఆ పేటలో, ఇండ్ల నడుమ, ఆర్మేనీయుల సమాధుల తోట కలదు. అందు సుమారు 20 మంది ఆర్మేనీయులు పాతిపెట్టబడియున్నారు. మొదటి సమాధి 1640 ప్రాంతముది, చివరిది 1724 నాటిది. వారిలో ఇద్దరు గురువులు. ఒకరు రెవరెండ్ హొవ్హన్నెస్, అనగా మన యోహాను, 1680లో మరణించిరి. రెండవవారు రెవరెండ్ మార్గర్, 1724లో మరణించిరి. మార్గర్ అనగా ఆర్మేనీయ భాషలో ప్రవక్త.

ఈ తేదీలను మన చరిత్ర ప్రక్కన పెట్టి చూడవలెను. 1640లో గోల్కొండను అబ్దుల్లా కుతుబ్ షా ఏలుచుండెను. యోహాను గురువు మరణించిన 1680లో అబుల్ హసన్ తానీషా సుల్తాను. అక్కన్న మాదన్నలు మంత్రులు. భద్రాచల రామదాసు చెరసాల కథ ఆ కాలముదే. ఏడేండ్లకు, 1687లో, ఔరంగజేబు కోటను పట్టుకొనెను. వజ్రముల వర్తకము చెదరిపోయెను. మార్గర్ గురువు మరణించిన 1724 సంవత్సరములోనే నిజాముల్ ముల్కు దక్కనులో స్వతంత్రుడై ఆసఫ్‌జాహీ వంశమును స్థాపించెను. మూడు ప్రభుత్వములు మారినను ఆ కొద్దిమంది తమ ఆరాధన మానలేదు, తమ మృతులను ప్రభువునందు నిద్రించినవారిగానే పాతిపెట్టిరి. వర్తకుడు లాభము తగ్గగానే మూట కట్టుకొని పోవును. గురువు మాత్రము చివరి విశ్వాసి యున్నంతవరకు ఉండును. ఔరంగజేబు వచ్చిన 37 ఏండ్లకు కూడ ఇక్కడ ఒక గురువు సమాధి యున్నదనగా, ఆ మందను విడువని కాపరి యొకడు ఉండెనని అర్థము.

శతవార్షిక సంవత్సరములో మా సంఘ పెద్దలు, స్త్రీల సహవాసమువారు, యౌవనులు కలిసి ఒక శనివారము ఆ స్థలమును చూడబోయితిమి. చరిత్ర పాఠములు చెప్పి విశ్రాంతి తీసికొన్న ఉపాధ్యాయులొకరు మాకు దారి చూపిరి. బయలుదేరకముందు మాలో కొందరు, "అయ్యగారూ, మన సంఘమువారు కారు, మన జాతివారు కారు, వారి సమాధులు చూచుటకు ఇంత డీజిలు ఖర్చెందుకండీ?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నే. అక్కడికి పోయిన తరువాత రాతిమీది అక్షరములను చూచి అందరును నిశ్శబ్దులైరి. అవి తెలుగు కావు, ఉర్దూ కావు, ఇంగ్లీషును కావు. మెస్రోప్ కూర్చిన ఆ అక్షరములే. వాటిలో ఒక్కటైనను మాలో ఎవరికిని చదువరాదు. మాకు తెలిసిన గుర్తు ఒక్క శిలువయే.

ఉపాధ్యాయులవారు ఒక సంగతి విశదపరచిరి. ఆర్మేనీయులు తమ శకమును క్రీ.శ. 552 నుండి లెక్కించెడివారు. అంకెలకు బదులు అక్షరములనే వాడెడివారు. కావున వారి పాత సమాధులపై ఆ శకపు సంవత్సరము కనబడినయెడల దానికి 551 కలుపవలెను. వారి 1129వ సంవత్సరము మన 1680 అగును. మా యౌవనులు అక్కడికక్కడే కాగితముపై కూడి సరిచూచుకొనిరి. ఒక వృద్ధ సహోదరి మాత్రము, "లెక్క ఏదైతేనేమి బాబూ, పొరుగుదేశములో చచ్చినవారికి మట్టి వేసినవారెవరో, వారికి దేవుడు మేలుచేయునుగాక" అనెను. ఆ మాటయే మాకు ఆనాటి ప్రసంగమైనది. ఆ మట్టి వేయుటకు చోటిచ్చినది ఒక మహమ్మదీయ సుల్తాను రాజ్యము.

ఆదికాండము ఇరువదిమూడవ అధ్యాయము ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. కనాను దేశమంతయు వాగ్దానముగా పొందిన అబ్రాహాము, తన భార్య శారా చనిపోయిన దినమున అడుగు నేలయైనను లేనివాడై, హేతు కుమారుల యెదుట తాను పరదేశినని ఒప్పుకొని, 400 తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను కొనెను. విశ్వాసుల తండ్రి ఆ దేశములో కొన్న మొదటి భూమి సమాధి స్థలమే. పరదేశికి ఇల్లు అద్దెకు దొరకును, దుకాణము దొరకును. సమాధికి చోటు దొరకినప్పుడే ఆ ఊరు అతనిని తనవానిగా ఒప్పుకొన్నట్లు.

చెన్నపట్టణములో

గోల్కొండ పడిపోయిన తరువాత, తీరపు వర్తకము క్రమముగా ఆంగ్లేయుల చెన్నపట్టణము వైపు తిరిగినది. 1688లో ఈస్టిండియా కంపెనీవారు ఆర్మేనీయులతో లండనులో ఒక ఒడంబడిక చేసికొనిరి. కంపెనీ పట్టణములలో ఎక్కడ 40 మంది ఆర్మేనీయులు నివసింతురో, అక్కడ వారికి గుడి కట్టుటకు స్థలమిచ్చి, గుడి కట్టించి, గురువునకు ఏడేండ్లపాటు సంవత్సరమునకు 50 పౌనులు ఇత్తుమని కంపెనీ ఒప్పుకొనెను. వర్తకపు ఒడంబడికలోనే ఆరాధన షరతు పెట్టిన జాతి అది.

చెన్నపట్టణములోని ఆర్మేనియన్ వీధిలో 1772లో కట్టిన పరిశుద్ధ మరియమ్మ దేవాలయము నేటికిని నిలిచియున్నది. అందలి ఆరు పెద్ద గంటలు ప్రసిద్ధములు. జుల్ఫాలో పుట్టిన పెత్రోస్ ఉస్కాన్ అను వర్తకుడు 1726లో అడయారు నదిపై సైదాపేట వద్ద తన సొమ్ముతో వంతెన కట్టించెను. పరంగిమలపైకి మెట్లు వేయించెను. మన తెలుగువారు ఎందరో ఆ వంతెన దాటినవారే. ఆయన 1751లో మరణించినప్పుడు, తన గుండెను మాత్రము జుల్ఫాకు పంపవలెనని కోరెను. శరీరము చెన్నపట్టణమునకు, హృదయము పుట్టినూరికి!

ఆ వీధి సంఘమునకు గురువైన రెవరెండ్ హరుత్యూన్ ష్మవోన్యన్ తన ఇద్దరు కుమారులను పోగొట్టుకొని, దుఃఖములో మునిగి, పిమ్మట అచ్చుయంత్రము చేపట్టెను. 1794లో ఆయన వెలువరించిన అజ్దరార్ అను మాసపత్రిక లోకములోనే మొదటి ఆర్మేనీయ వార్తాపత్రిక. అది వారి దేశములో కాక, మన చెన్నపట్టణములో పుట్టినది. 1824లో ఆయన మరణించి, ఆ గుడి ఆవరణములోనే పాతిపెట్టబడెను. నేడు ఆ గుడిలో క్రమముగా ఆరాధించు ఆర్మేనీయ సంఘము లేదు. గుడి యున్నది, గంటలున్నవి, సమాధులున్నవి, మంద లేదు.

ఇక్కడ మనము ఒక సత్యమును ప్రేమతోనే చెప్పుకొనవలెను. ఆర్మేనీయ గురువులు తమవారికి ఆరాధన జరుపుటకు వచ్చిరి గాని, తెలుగువారికి సువార్త చెప్పుటకు రాలేదు. అదే చెన్నపట్టణములో, పెత్రోస్ వంతెన కట్టించిన దినములలోనే, బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనెరీ కూర్చుండి క్రొత్త నిబంధనను తెలుగులోనికి తిప్పెను. ఆ ప్రతి అచ్చుకు నోచుకొనలేదు. 1818లో శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడినప్పుడు గాని అది మన చేతులకు రాలేదు. తమ జాతికి దేవుని వాక్యమును తమ భాషలో ఇచ్చుటకు అక్షరములనే సృష్టించినవారు, పొరుగువాని భాషను కూడ అట్లే తలచియుండినయెడల మన సంఘ చరిత్ర ఎట్లుండెడిదో! అయినను చిన్న మందగా, అధికారము లేనివారుగా, ఇంత దూరదేశములో విశ్వాసమును కాపాడుకొనుట తక్కువ సాక్ష్యము కాదు.

నదీ తీరమున పగిలిన శిలువలు

పాత జుల్ఫాను ప్రజలు విడిచిపోయినను, వారి పితరుల సమాధుల తోట అరస్ ఒడ్డున మిగిలెను. వేలాది శిలువ శిలలు వరుసలుగా నిలిచియుండెడివి. ఆ ప్రాంతము తరువాత అజర్‌బైజాను దేశములోని నఖిచెవాన్‌లో చేరినది. 1998 మొదలుకొని ఆ శిలలను తొలగించుట జరిగినది. 2005 డిసెంబరులో సైనికులు మిగిలిన శిలలను పగులగొట్టి నదిలో పడవేయుచుండగా, ఆవలి ఒడ్డున ఇరాను వైపు నిలిచినవారు చిత్రము తీసిరి. ఆ ప్రభుత్వము ఈ మాటను కాదనుచున్నది. కాని నేడు అక్కడ ఒక్క శిలయైనను నిలిచి లేదు. నదికి ఇరాను వైపున పరిశుద్ధ స్తెఫను మఠము మాత్రము భద్రముగా ఉన్నది. 2008లో యునెస్కో దానిని వారసత్వ స్థలములలో చేర్చినది.

చదువరులు ఈ సంగతి ఆలోచింపవలెను. జుల్ఫావారి పితరుల సమాధులు పుట్టినూరిలో లేవు. జుల్ఫా వర్తకుల కాలపు సమాధులు మాత్రము మన ఉప్పుగూడలో ఉన్నవి. 1915లో టర్కీలో పది లక్షలకు పైగా ఆర్మేనీయులు నశింపగా, వందలాది గుడులు, మఠములు పాడుపడినవి. అట్టి దినములలో ముష్ పట్టణపు మఠములోని 28 కిలోల బరువుగల వ్రాతప్రతిని ఇద్దరు స్త్రీలు రెండు భాగములుగా చేసి మోసికొనిపోయి కాపాడిరి. అది నేడు ఎరెవాను నగరములోని గ్రంథ భాండాగారములో ఉన్నది. పారిపోవువారు రొట్టె మూట విడిచి పుస్తకపు మూట పట్టుకొనిరి. జ్ఞాపకము లేని జాతి రెండవసారి చనిపోవునని వారికి తెలియును.

మనకు పాఠము

నాగారము, ఉప్పల్, నాచారము ప్రాంతపు సంఘములలోని మనము కూడ వలస వచ్చినవారమే. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చిన తరువాతను, ఫ్యాక్టరీలు పెరిగిన తరువాతను, మెదకు నుండి, నల్లగొండ నుండి, వరంగల్లు నుండి, కోస్తా జిల్లాలనుండి వచ్చి ఇక్కడ ఇండ్లు కట్టుకొంటిమి. గుడులు కట్టుకొంటిమి. సమాధులకు చోటు మాత్రము నేటికిని మనకు కష్టమైన ప్రశ్నయే. ఒక సహోదరుడు నిద్రించిన దినమున, ఏడ్చు కుటుంబమును ఓదార్చవలసిన పెద్దలు, ఎక్కడ పాతిపెట్టుదుమా అని ఫోనులు చేయుచు తిరుగుట మా పరిచర్యలో ఎన్నోసార్లు చూచితిమి. పాత ఊరిలో తాతల సమాధులున్నవి. వాటిపై పేర్లు చెరిగిపోవుచున్నవి. చూచువారు పట్టణము చేరిరి.

కావున శతవార్షిక సంవత్సరపు జ్ఞాపకార్థముగా, రంగులు వేయించిన గుడులతోను, అచ్చువేయించిన కేలండర్లతోను సరిపెట్టుకొనక, ప్రతి పాస్టరేటువారును ఒక పని చేయవలెనని మనవి చేయుచున్నాము. తమ సమాధుల తోటలోని ప్రతి రాతిమీది పేరును, ఊరును, సంవత్సరమును ఒక గట్టి బైండు పుస్తకములో వ్రాయించి గుడిలో భద్రపరచవలెను. రాయి లేని సమాధులను ఎరిగిన వృద్ధులు బ్రతికియుండగానే వారిని అడిగి వ్రాయవలెను. ముఖ్యముగా బీదలగు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు, గుడికి మొదటి ఇటుక మోసిన కూలివారు ఎక్కడ పాతిపెట్టబడిరో వెదకవలెను. దొరల సమాధులపై పాలరాయి యున్నది, వీరివాటిపై గడ్డియే యున్నది. మా సంఘ యౌవనులు ఇప్పటికే ఒక పుస్తకము తెరచి, మొదటి పుటలలో పేర్లు వ్రాయ నారంభించిరి. అట్లే ఉప్పుగూడకు సమీపమున నున్న సంఘములవారు సంవత్సరమునకు ఒకసారియైనను, సకల పరిశుద్ధుల దినమున, ఆ ఆర్మేనీయ గురువులను తలచుకొని ప్రార్థన జరిపినయెడల బాగుండును. వారికి ఇక్కడ బంధువులు లేరు. క్రీస్తునందు మనమే బంధువులము.

హగ్‌పాట్ కొండపై రాణి కట్టించిన గుడికిని, ఉప్పుగూడ ఇండ్ల మధ్యనున్న ఆ రాతి పలకలకును నడుమ వేల మైళ్లు, ఎన్నో సరిహద్దులు. ఆ సరిహద్దులన్నిటిని దాటి వచ్చినది వజ్రముల సంచి కాదు, పట్టు మూటయు కాదు. అవి ఎక్కడ పోయెనో ఎవరికిని ఎరుకలేదు. మిగిలినది ఒక శిలువ గుర్తు, ఒక గురువు పేరు, ఒక తేదీ. నూరేండ్ల తరువాత మన మనుమల మనుమలు మన సంఘములను గూర్చి వెదకునప్పుడు, వారికి చదువుకొనదగిన ఆ మూడైనను మనము మిగిల్చిపోవుదుముగాక. సంఘమునకు శిరస్సయిన ప్రభువునకే మహిమ కలుగునుగాక. ఆమేన్.